పట్టు తప్పేది పైపొరలోనే

విశాఖపట్నంలో పెదవాల్తేరు నుంచి బీచ్ రోడ్డు వైపు దిగే వీధుల్లో పాత అపార్ట్‌మెంట్ల సన్‌షేడ్లను కింది నుంచి గమనిస్తే జబ్బు తీరు ఒకటే. ముందు రంగు మీద గోధుమరంగు చార వస్తుంది. తర్వాత లోపలి చువ్వ ఎటు పోతే అటే సన్నటి బీట పడుతుంది. ఆ తర్వాత పెచ్చు ఊడుతుంది. మేస్త్రి వచ్చి వదులైన పెచ్చులు సుత్తితో రాల్చి, చువ్వకు సిమెంటు పాలు పూసి, మాలు మెత్తి, రంగు వేయించి వెళ్తాడు. కొన్ని వానాకాలాలు గడిచేసరికి మళ్లీ బీట. అది కూడా వేసిన అతుకులో కాదు, దాని అంచున.

ఈ బీటకూ, కాంక్రీటు మీద ప్రపంచమంతటా జరుగుతున్న రెండు పెద్ద పరిశోధనలకూ దగ్గరి సంబంధం ఉంది. ఒకటి బలహీనపడిన కట్టడాన్ని కూల్చకుండా బలపరచడం. రెండోది భారం పడినప్పుడు కాంక్రీటు ఎలా వంగుతుందో, ఎక్కడ పగులుతుందో కంప్యూటర్‌లో ముందే లెక్కగట్టడం. రెండింటిలోనూ గత యాభై ఏళ్లలో అద్భుతమైన పని జరిగింది. అయినా ఆ రెండూ వచ్చి తట్టుకునే రాయి ఒకటే. చువ్వకూ బయటి గాలికీ మధ్య ఉండే అంగుళం, రెండంగుళాల కాంక్రీటు. సైటులో దాన్ని కవర్ అంటారు. వంగే బీమ్ అడుగున ఉన్న కవర్ లాగుడుకు ఎలాగూ పగులుతుంది కాబట్టి డిజైన్ లెక్కలో దాని బలాన్ని సున్నా కింద తీసేస్తారు. ఉప్పుగాలి నగరంలో కట్టడం ఆయుష్షును నిర్ణయించేది మాత్రం ఆ సున్నాయే.

కొత్త కాంక్రీటు లోపల క్షారగుణం చాలా ఎక్కువ. పీహెచ్ 12.5 పైన ఉంటుంది. ఆ వాతావరణంలో ఉక్కు మీద కంటికి కనిపించని ఆక్సైడ్ పొర ఏర్పడి చువ్వను కాపాడుతుంది. సముద్రపు ఉప్పులోని క్లోరైడ్ కవర్ గుండా నెమ్మదిగా లోపలికి ఇంకి, చువ్వ దగ్గర ఒక మోతాదు దాటాక ఆ పొరను అక్కడక్కడ ఛేదిస్తుంది. తుప్పు ఉక్కు కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి చుట్టూ ఉన్న కాంక్రీటు విచ్చుకోక తప్పదు. ఇందుకు చువ్వ సగం తినేయనక్కర లేదు. పైనుంచి మిల్లీమీటరులో కొన్ని నూరో వంతులు పోయినా చాలు, మొదటి బీట పడుతుంది. అంటే బీట కనిపించిన రోజున చువ్వ బలం దాదాపు అలాగే ఉంటుంది, పోయింది కవర్ మాత్రమే. ఆ దశలో పట్టించుకుంటే చవకగా తేలుతుంది. మన దగ్గర పట్టించుకునేది పెచ్చు ఎవరి నెత్తినో పడబోయాక.

కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణమైన 2000 నాటి ఐఎస్ 456 తీరప్రాంతపు గాలికి ఎదురుగా ఉన్న కాంక్రీటును తీవ్ర పరిస్థితి కింద లెక్కిస్తుంది. అక్కడ 45 మి.మీ. కవర్, ఎం30 గ్రేడ్ (ఈ అంకె పెరిగేకొద్దీ కాంక్రీటు బలం ఎక్కువ) కనీసం ఉండాలి. అలల తుంపర తగిలే చోట అవి 50 మి.మీ., ఎం35. ఓడరేవు స్తంభాల్లా ఆటుపోట్ల మధ్య నిలిచేవాటికి 75 మి.మీ., ఎం40. అంతకు ముందరి 1978 ప్రమాణంలో మామూలు స్లాబుకు 15 మి.మీ., బీమ్‌కు 25 మి.మీ. సరిపోయేవి. ఉప్పుగాలి ఉంటే అదనంగా కలపమని అందులోనూ ఉంది. పాత భవనాల పెచ్చులూడిన చోట చువ్వ ఎంత లోతులో ఉందో చూస్తే ఆ అదనాన్ని ఎంతమంది కలిపారో తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోవాలి. ఉప్పు చొరబడే లోతు కాలానికి వర్గమూలంగా పెరుగుతుంది. తిప్పి చెబితే, కవర్ రెట్టింపైతే ఉప్పు చువ్వను చేరే కాలం నాలుగు రెట్లవుతుంది. చువ్వను ఎత్తులో నిలిపే కవర్ బిళ్ల జారి 50 మి.మీ. ఉండాల్సిన చోట 25 మి.మీ. మిగిలితే తుప్పు మొదలయ్యే గడువు సగానికి కాదు, పావుకి పడిపోతుంది. స్లాబు పోసే రోజున సెంట్రింగ్ మీద చువ్వలను తొక్కుకుంటూ తిరిగే మనుషుల పాదాల కింద అంత ఆయుష్షు నలుగుతోంది. దీన్ని ఏ సాఫ్ట్‌వేరూ లెక్కలోకి తీసుకోదు.

కాంక్రీటును దట్టంగా చేసి ఉప్పును ఆలస్యం చేయడం రెండో దారి. అందుకు కావలసిన సరుకు విశాఖలోనే పుడుతోంది. ఉక్కు కర్మాగారపు కొలిమిలో మిగిలే చిట్టెం, అంటే స్లాగ్ ఒకటి, పరవాడ దగ్గరి సింహాద్రి విద్యుత్ కేంద్రపు బూడిద ఇంకొకటి. ఐఎస్ 455 ప్రకారం స్లాగ్ సిమెంటులో 25 నుంచి 70 శాతం వరకు స్లాగ్ ఉండవచ్చు. అది కాంక్రీటులోని సూక్ష్మ రంధ్రాలను బిగిస్తుంది, క్లోరైడ్‌లో కొంత భాగాన్ని రసాయనికంగా పట్టి ఉంచుతుంది కూడా. చిక్కల్లా తడపడంలోనే. ఈ సిమెంట్లు నెమ్మదిగా గట్టిపడతాయి కాబట్టి ప్రమాణం సాధారణ సిమెంటుకు కనీసం 7 రోజులు, మిశ్రమ సిమెంట్లకు కనీసం 10 రోజులు తడి అడుగుతుంది. ఎండకు ముందుగా ఆరిపోయేది పైపొరే. నాణ్యతకు ప్రమాణంగా చూపించడానికి విడిగా పోసే కాంక్రీటు క్యూబులు మాత్రం 28 రోజులు నీటితొట్టిలో హాయిగా మునిగి ఉంటాయి. క్యూబు పాసైన భవనానికి కవర్ ఫెయిలవడంలో వింత ఏమీ లేదు.

అతుకు పక్కనే మళ్లీ బీట ఎందుకు పడుతుందన్న ప్రశ్నకు జవాబు విద్యుత్ రసాయనంలో ఉంది. తుప్పు ఒక చిన్న బ్యాటరీ లాంటిది. చువ్వ మీద ఒకచోట ఉక్కు కరుగుతుంటే అది ఆనోడు, దాని నుంచి వచ్చే ఎలక్ట్రాన్లు పక్కనున్న భాగానికి అంది, అది కాథోడుగా కొంతవరకు తుప్పు పట్టకుండా నిలబడుతుంది. బాగా చెడిన చోట అలా తాను కరుగుతూ పక్కవాటిని కాస్తోంది. మేస్త్రి అక్కడే చెక్కి, ఉప్పు లేని కొత్త మాలు పెట్టాడు. దాంతో ఆ భాగం కాథోడుగా మారింది. చుట్టూ ఉన్న పాత కాంక్రీటులో ఉప్పు అలాగే ఉంది కాబట్టి ఇన్నాళ్లూ రక్షణలో ఉన్న అంచు ఇప్పుడు ఆనోడు అయింది. మరమ్మతే కొత్త తుప్పుకు ముహూర్తం పెట్టింది.

సరిగా చేయాలంటే చువ్వ ముందుభాగం కనిపించేంతే చెక్కితే కుదరదు. చువ్వ వెనక కూడా 20, 25 మి.మీ. లోతు వరకు ఉప్పు పట్టిన కాంక్రీటు తీసేసి, చువ్వను నాలుగు వైపులా మెరిసేలా రుద్ది, అతుకు అంచుల్లో చువ్వకు జింకు ముక్కలు కట్టాలి. ఉక్కు బదులు ఆ జింకు కరుగుతుంది. ఎక్కడి వరకు చెక్కాలో కంటితో తేలదు. రాగి, కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడుతో చువ్వ పొటెన్షియల్ కొలిస్తే మైనస్ 350 మిల్లీవోల్టుల కంటే కిందికి పోయిన చోట తుప్పు నడుస్తున్న అవకాశం తొంభై శాతం పైన అని అమెరికన్ ప్రమాణం చెబుతుంది. అపార్ట్‌మెంటు సంఘాల సమావేశంలో ఈ పరీక్షకు డబ్బు అడిగి చూడండి, రంగుకు ఇచ్చినంత ఉత్సాహంగా ఎవరూ ఇవ్వరు.

బలపరచడంలో నేటి పరిశోధన పత్రాలను ఏలుతున్నది కార్బన్ ఫైబర్. 1960ల చివర్లో ఫ్రాన్సులో బీమ్‌ల అడుగున ఉక్కు రేకులను ఎపాక్సీ అనే జిగురుతో అంటించారు. రేకుల బరువు, వాటికి పట్టే తుప్పు సమస్యలయ్యాయి. స్విట్జర్లాండ్‌లోని ఎంపా సంస్థలో ఉర్స్ మయర్ బృందం 1980ల్లో వాటి స్థానంలో కార్బన్ పట్టీలను పరీక్షించింది. 1991లో లూసర్న్ దగ్గరి ఈబాఖ్ వంతెనకు 175 కిలోల ఉక్కు పట్టాల్సిన చోట 6.2 కిలోల కార్బన్ పట్టీలు అంటించి పని ముగించారు. ఆ అంకె చూశాక ప్రపంచం వెనుదిరిగి చూడలేదు.

పట్టీ బలం విషయంలో అనుమానాలు అక్కరలేదు. మార్కెట్లో దొరికే పట్టీ సుమారు 2800 మెగాపాస్కల్ (చదరపు మి.మీ.కు అన్ని న్యూటన్లు) లాగుడు తట్టుకుంటుంది, ఇళ్లలో వాడే ఎఫ్‌ఈ 500 చువ్వకు అయిదున్నర రెట్లు. కానీ ఆ బలమంతా వాడుకోగలమా? అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ మార్గదర్శకంలోని సూత్రంతో ఒక ఉదాహరణ వేద్దాం. కాంక్రీటు సిలిండరు బలం 20 మెగాపాస్కల్, పట్టీ మందం 1.2 మి.మీ., స్థితిస్థాపక గుణకం (సాగుడుకు లొంగని బిగువు) 1,65,000 మెగాపాస్కల్. కాంక్రీటు బలాన్ని పట్టీ గుణకం, మందాల లబ్ధంతో భాగించి, వర్గమూలం తీసి, 0.41తో గుణిస్తే ఊడిపోయే సాగుడు వస్తుంది. ఇక్కడ అది 0.0041. పట్టీ తెగాలంటే 0.017 దాకా సాగాలి. అంటే పట్టీ తన సత్తాలో పావు వంతు చూపించేసరికే ఊడివస్తుంది. రెండు పొరలు అంటిస్తే బలం రెట్టింపు కాదు, వర్గమూలం పుణ్యమా అని 1.4 రెట్లే. ఖర్చు మాత్రం రెట్టింపు.

ఊడేది ఎపాక్సీ దగ్గర అనుకుంటారు చాలామంది. ఎపాక్సీ చక్కగానే పట్టుకుంటుంది. చిరిగేది దాని వెనక ఉన్న కొన్ని మిల్లీమీటర్ల కాంక్రీటు. సున్నం వేసిన గోడ మీది సినిమా పోస్టరు లాగితే కాగితం చిరగకుండా సున్నం పెచ్చుతో సహా వచ్చినట్టు, పట్టీ వెనక కంకర, సిమెంటు పొర అంటుకునే కింద పడుతుంది. పైగా అది చెప్పి రాదు. ఉక్కు సాగి, బీమ్ వంగి, మనుషులు బయటికి పరుగెత్తే వ్యవధి ఇస్తుంది. పట్టీ ఊడటం ఒక్క చప్పుడుతో ముగుస్తుంది. అందుకే అదే మార్గదర్శకం ఉపరితలం మీద లాగుడు పరీక్షలో కనీసం 1.4 మెగాపాస్కల్ పట్టు, కనీసం 17 మెగాపాస్కల్ కాంక్రీటు బలం లేకపోతే అంటించవద్దని అంటుంది. పట్టీ లేకపోయినా పాత బీమ్ తన బరువుకు 1.1 రెట్లు, వినియోగ భారంలో 0.75 వంతు కలిపి మోయగలగాలని కూడా షరతు పెట్టింది. అగ్నిప్రమాదంలో ఎపాక్సీ ముందు పోతుంది కదా. మామూలు ఎపాక్సీలు 60 నుంచి 82 డిగ్రీల సెల్సియస్ మధ్యే మెత్తబడటం మొదలుపెడతాయి. మే నెల ఎండలో కాగే డాబా స్లాబు అడుగున అంటించేవారు ఈ అంకెను ఒకసారి తడిమి చూసుకోవాలి. సిమెంటు మాలులో కార్బన్ లేదా గాజు అల్లికను పొదిగే పద్ధతి మీద ఇప్పుడు జరుగుతున్న పని ఈ కారణం వల్లే ఆసక్తికరం. వేడికి అది మెత్తబడదు, తడి గోడను కూడా పట్టుకుంటుంది. బలంలో ఎపాక్సీ పద్ధతికి కొంచెం వెనకబడినా విశాఖ లాంటి చోట ముందుగా చూడాల్సింది దాన్నే.

ఇప్పుడు సన్‌షేడ్ దగ్గరికి, బాల్కనీ బీమ్ దగ్గరికి ఇదే పట్టీని తెచ్చి చూస్తే విషయం తేటపడుతుంది. పట్టీ నిలబడాల్సింది కవర్ మీద. ఉప్పు నాశనం చేసిందీ ఆ కవర్‌నే. లోపల తుప్పు నడుస్తుండగా పైన ఫైబర్ అంటించి రంగు వేస్తే బయటికి చారలు కనిపించవు, బీట కనిపించదు, తుప్పు మాత్రం ఆగదు. ఇది మరమ్మతు చేయకపోవడం కంటే ప్రమాదం.

పిల్లర్ల సంగతి కొంత వేరు. పిల్లర్‌ను చుట్టూ బిగించి కడితే కాంక్రీటు పక్కలకు ఉబ్బలేక ఎక్కువ భారం మోస్తుంది. 1928లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రిచర్ట్, బ్రాంట్‌జెగ్, బ్రౌన్ చేసిన ప్రయోగాల్లో పక్కల నుంచి ఇచ్చే ప్రతి మెగాపాస్కల్ ఒత్తిడికీ నిలువు బలం సుమారు 4.1 మెగాపాస్కల్ పెరిగింది. ఫైబర్ చుట్టుడు మీద వచ్చిన నమూనాల్లో చాలావాటికి మూలం అదే. కానీ వాళ్లు పరీక్షించింది గుండ్రటి దిమ్మెలు. మన అపార్ట్‌మెంట్లలో గోడలో కలిసిపోవాలని తొమ్మిదంగుళాలు, పద్దెనిమిది అంగుళాల పిల్లర్లు వేస్తారు. పొడవు వెడల్పుల నిష్పత్తి రెండు దాటితే చుట్టుడు ఫలితాన్ని నమ్మవద్దని మార్గదర్శకం. మన పిల్లర్ సరిగ్గా ఆ గీత మీద నిలబడింది. మూలలు గుండ్రంగా చెక్కాలి, రెండు వైపులా గోడ పగలగొట్టాలి. ఇంతా చేసేది భూకంపం కోసమైతే, 2016 నాటి ఐఎస్ 1893 పటంలో విశాఖ ఉన్నది తక్కువ తీవ్రత గల రెండో జోన్‌లో. ఇక్కడ పిల్లర్లకు ముందుగా కావలసిన వైద్యం ఉప్పుకు.

గణిత నమూనాల వైపు వస్తే, కాంక్రీటు ఎంత మొండి పదార్థమో తెలుస్తుంది. ఒత్తిడిలో ఒకలా, లాగుడులో పదో వంతు బలంతో ఇంకోలా నడుచుకుంటుంది. 1967లో ఎన్‌గో, స్కోర్డెలిస్ బీమ్‌ను చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్కించే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో, పగులును విడివిడి గీతగా చూపిస్తూ మొదటి లెక్క చేశారు. మరుసటి ఏడాది రషీద్ పగులును గీతలా కాకుండా ఆ ముక్క అంతటా పరిచి చూపాడు. లెక్క సులువైంది, కానీ ఒక విచిత్రం బయటపడింది. బీమ్‌ను ఎంత చిన్న ముక్కలుగా కోస్తే కంప్యూటర్ అంత తక్కువ బలం చూపించేది. ముక్కల సైజు ఇంజనీరు ఇష్టం, బీమ్ బలం అతని ఇష్టం కాదు. 1976లో హిల్లెర్‌బోర్గ్, 1983లో బజాంట్, ఓ దీనికి విరుగుడు చూపించారు. పగులు తెరవడానికి చదరపు మీటరుకు ఇంత శక్తి కావాలని పదార్థానికే ఒక గుణం కట్టబెట్టారు. సాధారణ కాంక్రీటుకు అది చదరపు మీటరుకు సుమారు 100 జౌళ్లు. కాంక్రీటు పగిలి బలహీనపడటాన్నీ, తిరిగి రాని వంపునూ కలిపి చూసే డ్యామేజ్ ప్లాస్టిసిటీ నమూనాను ఇప్పుడు పరిశోధకులు విరివిగా వాడుతున్నారు. దానికి 1989, 1998లలో వచ్చిన పత్రాలు పునాది. దాని వెనకా ఇదే ఆలోచన ఉంది.

ఇంత చేసినా అంచనాలు ఎంత తేడా పడతాయో టొరంటో విశ్వవిద్యాలయం 1980ల్లో చూపించింది. కాంక్రీటు పలకలను పరీక్షించి, ఫలితం దాచి, ఎంత భారానికి పగిలిపోతాయో ముందే చెప్పమని ప్రపంచంలోని నిపుణులను పిలిచారు. వచ్చిన జవాబులు ఒకదానికొకటి పొంతన లేనంతగా చెదిరాయి. కోత బలం (పక్కపక్క భాగాలు ఒకదాని మీద ఒకటి జారకుండా నిలిచే బలం) మీద వెక్కియో, కాలిన్స్ 1986లో ప్రచురించిన సిద్ధాంతం ఆ పలకల పరీక్షల నుంచే పుట్టింది. ఫలితం తెలిశాక దానికి సరిపోయేలా నమూనా మరలు తిప్పడం అందరికీ వచ్చు. తెలియక ముందు చెప్పడమే పరీక్ష. పత్రాల్లో ప్రయోగపు గీత మీద నమూనా గీత అచ్చుగుద్దినట్టు పడితే మెచ్చుకోవడానికి తొందరపడకూడదు.

1991 ఆగస్టు 23న నార్వేలో స్టావాంగర్ దగ్గర స్లైప్నర్ ఎ అనే చమురు వేదిక కాంక్రీటు పునాది సముద్రపు పాయలో మునిగిపోయింది. పెద్ద గుండ్రటి గదులు మూడేసి కలిసే చోట మిగిలే త్రికోణపు ఖాళీ గోడల్లో పడే కోత ఒత్తిడిని లెక్క 47 శాతం తక్కువగా చూపింది. ఆ చోట ముక్కలు మొరటుగా, వంకరగా కోశారు. అక్కడి చువ్వలు కూడా పొట్టివి. తర్వాత జాగ్రత్తగా మళ్లీ లెక్కిస్తే 62 మీటర్ల నీటి లోతులో గోడ పగలాలని వచ్చింది. నిజంగా పగిలింది 65 మీటర్ల దగ్గర. నమూనా చెడ్డది కాదు. దాన్ని వాడిన చేతులు మూల దగ్గర అలసత్వం చూపాయి. పైగా అది కొత్త కాంక్రీటు, తుప్పు లేని చువ్వలు.

తుప్పు పట్టిన బీమ్‌ను నమూనాలో పెట్టడం ఇంకో మెట్టు కష్టం. చువ్వ మందం తగ్గించేసి లెక్క కానిచ్చేయడం సాధారణంగా జరిగేది. కానీ ఉప్పు తుప్పు సమంగా తినదు, గుంటలు చేస్తుంది. చువ్వ బలం ఆ లోతైన గుంట దగ్గర ఆగిపోతుంది. చువ్వకూ కాంక్రీటుకూ మధ్య పట్టు కూడా సూటిగా తగ్గదు. తుప్పు తొలిదశలో చువ్వ ఉబ్బి పట్టు కొద్దిగా పెరుగుతుంది, కవర్ పగిలాక ఒక్కసారిగా పడిపోతుంది. దీన్ని తెలుసుకోవడానికి చేసే ప్రయోగాల్లోనూ ఒక మెలిక ఉంది. సహజమైన తుప్పు చదరపు సెంటీమీటరుకు ఒకటి రెండు మైక్రోయాంపుల కరెంటు చొప్పున ఏళ్ల తరబడి సాగుతుంది. ప్రయోగశాలలో అంతకాలం ఆగలేక వందల మైక్రోయాంపుల కరెంటు పంపి వారాల్లో తుప్పు పట్టిస్తారు. అలా వచ్చే తుప్పు పలచగా ఉండి పగుళ్లలోంచి కారిపోతుంది, చువ్వ అంతటా సమంగా తింటుంది. 200 మైక్రోయాంపులు దాటితే పగుళ్ల వెడల్పు సహజానికి దూరమవుతుందని ప్రయోగాలే చెప్పాయి. అలాంటి బీమ్ మీద సరిచూసిన నమూనా బీచ్ రోడ్డు బీమ్‌కు ఎంత పనికొస్తుందో అనుమానమే.

ఈమధ్య యంత్ర అభ్యాసం (మెషీన్ లెర్నింగ్) వేలంవెర్రిగా నడుస్తోంది. తైవాన్ పరిశోధకుడు ఐ చెంగ్ యే సేకరించిన 1030 వరసల దత్తాంశం, అందులో సిమెంటు, స్లాగ్, బూడిద, నీరు వగైరా ఎనిమిది అంశాలు, అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతాయి. దాంతో కాంక్రీటు బలాన్ని 95 శాతం కచ్చితంగా చెప్పామనే పత్రాలు లెక్కలేనన్ని వస్తున్నాయి. అందులో ఒకే మిశ్రమం వేర్వేరు వయసుల్లో వేర్వేరు వరసలుగా ఉంది. యాదృచ్ఛికంగా సగం నేర్పడానికి, సగం పరీక్షకు పంచితే చదివిన ప్రశ్నే పరీక్షలో వస్తుంది. మార్కులకు కొరత ఉండదు. ఆ ఎనిమిది అంశాల్లో కవర్ మందం లేదు, ఎన్ని రోజులు తడిపారన్నది లేదు, సముద్రం ఎంత దూరమన్నది లేదు.

విశాఖ ఇవ్వగలిగింది సరిగ్గా అదే దత్తాంశం. ఓడరేవు అంచు, బీచ్ రోడ్డు, సీతమ్మధార, గాజువాక, మధురవాడ, ఇలా సముద్రం నుంచి వేర్వేరు దూరాల్లో స్లాగ్, బూడిద, సాధారణ సిమెంటు దిమ్మెలు పెట్టి ఏటా పైనుంచి మిల్లీమీటరు చొప్పున పొడి తీసి క్లోరైడ్ కొలవాలి. పదేళ్ల ప్రయోగం పీహెచ్‌డీ గడువులో ఇమడదు కాబట్టి దీన్ని విశ్వవిద్యాలయ విభాగాలు మోయాలి, విద్యార్థులు కాదు. అంతవరకు ఆగనక్కర లేని దారీ ఉంది. పాత అపార్ట్‌మెంట్లను కూల్చి కొత్తవి కట్టే చోట్ల ముప్పై, నలభై ఏళ్లు నిజమైన ఉప్పుగాలి తిన్న కాంక్రీటు లారీల్లో పల్లపు నేలలకు పోతోంది. అనుమతి పత్రాల్లో భవనం వయసు ఉంటుంది, పటం మీద సముద్రపు దూరం ఉంటుంది. పొక్లెయిన్ దిగే ముందు ప్రతి అంతస్తులో రెండు బీమ్‌ల నుంచి కోర్లు (తొలిచి తీసే గుండ్రటి ముక్కలు) తీసి, క్లోరైడ్ లోతు, ఫినాఫ్తలీన్ చల్లినా గులాబీ రంగుకు తిరగని, అంటే క్షారగుణం పోయిన పొర మందం, కవర్ కొలత, చువ్వ మీది గుంటల లోతు రాసిపెడితే చాలు. భవనానికి ఒక్క పూట పని. కొన్ని బీమ్‌లను ముక్కలు చేయకుండా మొత్తంగా తెచ్చి పరీక్షా యంత్రం మీద పెట్టి, టొరంటోలో చేసినట్టు ఫలితం దాచి, నమూనాలు కట్టేవారిని ముందే జవాబు రాయమనవచ్చు.